మన నియోజకవర్గాన్ని మనమే చదువుకుందాము

పోటీపరీక్షలకు చదివే పిల్లలు నియోజకవర్గాల పునర్విభజన అనే పాఠాన్ని సంవత్సరాలతో సహా బట్టీ పడుతుంటారు. మడివాళలో ఉన్నవారికి ఆ అవసరం లేదు. మన వీధులే ఆ పాఠం.

మన శాసనసభ నియోజకవర్గం పేరు బి.టి.ఎం. లేఅవుట్, సంఖ్య 172. బైరసంద్ర, తావరెకెరె, మడివాళ అనే మూడు పేర్ల మొదటి అక్షరాలే బి.టి.ఎం. కోరమంగళ, ఈజిపుర, ఆడుగోడి, లక్కసంద్ర కూడా ఇందులోకి వస్తాయి. 2008కి ముందు ఈ నియోజకవర్గమే లేదు.

1976లో 42వ రాజ్యాంగ సవరణ సీట్ల కేటాయింపును స్తంభింపజేసింది. ఆ తరువాత బెంగళూరు ఎంత పెరిగిందో చెప్పనక్కరలేదు. చివరకు జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ 2001 జనాభా లెక్కల ప్రకారం సరిహద్దులను మళ్లీ గీసింది. కర్ణాటకకు మొత్తం సీట్లు 224 దాటకూడదు. కనుక ఇతర ప్రాంతాలలో తగ్గినవి నగరానికి వచ్చి, బెంగళూరుకు 28 అయ్యాయి. కామర్సు విద్యార్థులకు ఇది సులభంగా అర్థమవుతుంది: ఒక ఖాతాలో డెబిట్, మరో ఖాతాలో క్రెడిట్, మొత్తం మాత్రం మారదు. ఈ కొత్త సరిహద్దులతో దేశంలో మొట్టమొదట శాసనసభ ఎన్నికలు జరిగింది మన రాష్ట్రంలోనే, 2008 మే నెలలో.

ఇక ప్రతినిధుల సంగతి. ఈ నియోజకవర్గానికి 2008, 2013, 2018, 2023 ఎన్నికలు నాలుగింటిలోనూ కాంగ్రెస్ అభ్యర్థి శ్రీ రామలింగారెడ్డిగారే గెలిచారు. అంతకు ముందు జయనగర నుంచి 1989, 1994, 1999, 2004లలో గెలిచారు. మొత్తం ఎనిమిది సార్లు. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు రాష్ట్ర హోంమంత్రిగా ఉన్నారు. గీత మారినా మనిషి మారలేదు.

పేరు చూసి అక్కడితో ఆగకండి, మెజారిటీ చూడండి. 2008లో అది రెండు వేల లోపే. 2013లో సుమారు 49 వేలు. 2018లో 20 వేల పైచిలుకు, 2023లో 9 వేల పైచిలుకు. జాబితాలో నాలుగూ ఒకేలాంటి గెలుపులుగా కనిపిస్తాయి గాని, ఆ అంకెల వెనుక ఎంత ఎగుడుదిగుడు ఉందో గమనించండి.

మధ్యలో ఇంకొక చిన్న పాఠం. 2019 జూలైలో ఆయన రాజీనామా లేఖ ఇచ్చి, తరువాత వెనక్కి తీసుకున్నారు. స్పీకరు ఆమోదించేవరకు రాజీనామాకు విలువ లేదని 190వ అధికరణం చెబుతుంది. క్లియరింగుకు వెళ్లకముందే చెక్కు పేమెంటు ఆపించినట్లన్నమాట!

పక్కనే ఉన్న జయనగరను కూడా చూడండి. 2018లో అక్కడి శాసనసభ్యులు, అభ్యర్థి కూడా అయిన శ్రీ బి.ఎన్. విజయకుమార్ పోలింగుకు కొద్ది రోజుల ముందు మరణించడంతో ఎన్నిక జూన్‌కు వాయిదా పడింది. అందులో రామలింగారెడ్డిగారి కుమార్తె సౌమ్యారెడ్డిగారు గెలిచారు. 2023లో పొద్దుపోయేవరకు లెక్కించి, మళ్లీ లెక్కించి, ఆమెపై శ్రీ సి.కె. రామమూర్తి గెలిచినట్లు ప్రకటించారు. తేడా ఎంత? 16 ఓట్లు. మన ఒక్క అపార్టుమెంటు మెట్ల మీద రోజూ ఎదురయ్యే మనుషులంత!

అదే ఎన్నికలో రాష్ట్రమంతటా సుమారు 73 శాతం ఓట్లు పడితే, బెంగళూరులో 54 శాతం దగ్గరే ఆగింది. మనవాళ్ల లెక్క ఇంకా తమాషా. పదేళ్లుగా ఇక్కడే ఉండి, పిల్లలను ఇక్కడే చదివిస్తూ, పేరు మాత్రం చిత్తూరులోనో కర్నూలులోనో ఉంటుంది. ఓటు వేసేందుకు మడివాళలో రాత్రి బస్సు ఎక్కేవారు కొందరు, అదీ ఎక్కనివారు ఎక్కువ మంది. రోడ్డు గుంటల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం అందరం ఇక్కడివాళ్లమే.

రెండు చోట్ల పేరు ఉండకూడదు, ఇది 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం మాట. ఊరి జాబితాలో పేరు ఉన్నవారు ఇక్కడికి మార్చుకోవడానికి ఫారం 8 నింపాలి. కొత్తగా 18 నిండినవారికి ఫారం 6. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే కనుక, జనవరి దాకా ఆగనక్కరలేదు. హాస్టలు విద్యార్థులు సొంత ఊరినైనా, హాస్టలు చిరునామానైనా ఎంచుకోవచ్చు. హాస్టలు అయితే కాలేజీవారి ధ్రువపత్రం జతచేయాలి.