ఆచార్యుని కరుణ – మమకార బంధము

దారి తప్పిన వానిని దరిచేర్చుట గొప్ప పుణ్యమని పెద్దలు చెప్పుదురు. గురువు చేసెడి పని అదియే. అయితే మునుగుచున్న వానిని ఒడ్డునకు లాగబోయిన వాడు తానును కాలుజారి ప్రవాహమున పడుట కలదు. కష్టములలో చిక్కిన వారిని ఉద్ధరింపబూనిన గురువునకు ఇట్టి ప్రమాదము ఎట్లు కలుగునో, దానిని తప్పించుకొను మార్గమేదియో మన పూర్వులు చక్కగా తెలిపియున్నారు.

శ్రీమద్భాగవతము పంచమ స్కంధమున భరతుని చరిత్ర కలదు. తెలుగున ఈ స్కంధమును రచించినవాడు గంగన. ఋషభదేవుని కుమారుడైన భరతుడు రాజ్యమును కుమారులకు పంచియిచ్చి, గండకీ తీరమునందలి పులహాశ్రమమున శ్రీహరిని ఆరాధించుచుండెను. ఒకనాడు నిండు చూలాలైన లేడి నీరు త్రాగుచుండగా సింహగర్జన వినబడెను. అది బెదరి నదిని దాటనెగిరెను. గర్భము జారి పిల్ల నీట పడెను, తల్లి మరణించెను. భరతుడు జాలిగొని ఆ పిల్లను ఆశ్రమమునకు తెచ్చి పెంచసాగెను.

ఇంతవరకు దోషమేమియు లేదు. నీట పడిన ప్రాణిని చూచి ఊరకుండుటయే దోషమగును. చిక్కు తరువాత వచ్చెను. లేడిపిల్లను మేపుట, తోడేళ్ళ బారి నుండి కాచుట, భుజముపై మోయుట – ఈ పనులు పెరిగినకొలది యమనియమములు, భగవత్పూజ ఒక్కొక్కటిగా సడలిపోయెను. పూజ నడుమ లేచి అది క్షేమముగా నున్నదో లేదో చూచుకొనెడివాడు. కనబడనిచో విలపించెడివాడు. తాను తప్ప దానికి వేరు దిక్కు లేదను తలంపు ఆయన మనస్సున పాతుకొనిపోయెను. అంత్యకాలమునను దానినే స్మరించి, మరుజన్మమున లేడియై పుట్టెను.

భార్యాపుత్రులను, రాజ్యమును విడిచిన విరక్తుని ఒక లేడిపిల్ల కట్టివేసెను. ఆ బంధము కామక్రోధముల రూపమున వచ్చియున్నచో ఆయన గుర్తించి యుండును. దయ అను వాకిట ప్రవేశించుటచే గుర్తింపలేకపోయెను.

త్రాగుడునకు లోబడినవానిని, ఇల్లు విడిచి తిరుగు యువకుని, దుఃఖముచే మనస్సు చెదరినవారిని చేరదీసెడి గురువులకు ఇది పాఠము. శిష్యుడు మరల తప్పుచేసినచో అది తన ఓటమియే యని క్రుంగుట, అతడు వేరొక పెద్దను ఆశ్రయించినచో నొచ్చుకొనుట, అతని చింతతో నిద్రను, నిత్యానుష్ఠానమును, తన ఇంటివారిని మరచుట – ఇవి కరుణ మమకారముగా మారినదనుటకు గురుతులు. ఇందువలన శిష్యునకును కీడే కలుగును. గురువు లేనిదే అడుగు వేయలేని దుర్బలునిగా అతడు మిగిలిపోవును. పిదప గురువు విసిగి చేయి విడిచిన నాడు మునుపటి కంటె లోతునకు జారును.

పిళ్ళై లోకాచార్యులు శ్రీవచన భూషణమున, ఉపదేశించు వాడు మూడింటిని విపరీతముగా తలంపరాదని హెచ్చరించిరి. తానే ఆచార్యుడనుకొనుట మొదటి పొరపాటు. తన ఆచార్యుడే తన ద్వారా ఉపదేశించుచున్నాడని యెంచవలెను. ఇతడు నా శిష్యుడనుకొనుట రెండవది. అతడును తన ఆచార్యుని శిష్యుడే. ఇక మూడవది ఫలమును గూర్చినది. ధనాదులనే గాక, శిష్యుని సహవాసమును, చివరకు అతని ఉజ్జీవనమును గూడ తన శ్రమకు ఫలముగా కోరరాదు.

ఈ చివరి మాట వింతగా తోచవచ్చును. శిష్యుడు బాగుపడరాదని దీని భావము కాదు. అతని ఉజ్జీవనము ఈశ్వరుని సంకల్పముచే సిద్ధించును. ఆ భారమును తన తలకెత్తుకొన్న గురువు ఈశ్వరుని చోటున తాను నిలువజూచినవాడగును. మోయలేని ఆ బరువే అలసటగాను, కోపముగాను, నిరాశగాను పరిణమించును.

ఆచరణమున ఇది ఎట్లుండునో భగవద్రామానుజుల చరిత్ర తెలుపును. భార్య పొన్నాచ్చి కన్నుల అందమునకు వశుడై, ఎండలో ఆమెకు గొడుగు పట్టి నడుచుచున్న మల్లుని రామానుజులు శ్రీరంగమున చూచిరి. నలుగురు నవ్వుచుండగా ఆయన నవ్వలేదు, నిందింపలేదు. అంతకంటె అందమైన కన్నులను చూపెదనని పలికి శ్రీరంగనాథుని సన్నిధికి తోడ్కొనిపోయిరి. ఆ దివ్యనేత్రములను దర్శించిన ఆ మల్లుడే పిళ్ళై ఉఱంగావిల్లి దాసుడు. పొన్నాచ్చియు ఆయనతోపాటు భక్తురాలయ్యెను. రామానుజులు అతని చూపును తమవైపునకు త్రిప్పుకొనలేదు, స్వామివైపునకు త్రిప్పిరి. భార్యాభర్తలను విడదీయనూ లేదు.

కావున ఇతరుల కష్టమును తీర్పబూనినవారు తమ నిత్యపూజను, కుటుంబ ధర్మమును విడువరాదు. ఒక్కరే ఆ భారమును మోయక, ఆ వ్యక్తి బంధువులను, తోటి భక్తులను కలుపుకొనవలెను. త్రాగుడు, మనోవ్యాధి వంటివానికి వైద్యుడు అవసరమైనచో వెంటనే చూపింపవలెను. అది గురువునకు లోటు కాదు, కరుణలో భాగమే.

లేడి జన్మము తీరిన పిదప భరతుడు విప్రకుమారుడై జడుని వలె సంచరించెను. సింధు సౌవీర దేశాధిపతియైన రహూగణుడు ఆయనచే పల్లకి మోయించి, నడక కుదురుగా లేదని పరిహసించెను. భరతుడు కోపింపక తత్త్వము బోధించెను. రాజు పల్లకి దిగి పాదములపై పడెను. అతనిని అనుగ్రహించి, భరతుడు ఆ రాజు వెంట పోక, అతనిని తన వెంట త్రిప్పుకొనక, తన దారిన తాను సాగిపోయెను. బోధించువాని మనస్సునకు అదియే రక్ష. బోధను పొందినవానికి అదియే స్వాతంత్ర్యము.