ప్రశ్నలు - జవాబులు: ట్రెడిల్ మీద శుభాకాంక్షలు

మా ఊళ్లో మూతపడిన ప్రెస్సు ట్రెడిల్ మిషను అమ్ముతోంది. గ్రీటింగ్ కార్డులు వేయాలని ఆశ. కొనొచ్చా?
- ఒక పాఠకురాలు, తెనాలి

పాత ట్రెడిళ్లు చాలాచోట్ల తుక్కు ఇనుము లెక్కన, కిలోల ధరకే పోతున్నాయి. ఖర్చంతా దాన్ని కదిలించడంలోనే. మొత్తం పోత ఇనుము, పైఅంతస్తు గది మాట మర్చిపోవాల్సిందే. బేరమాడే ముందు ఫ్లైవీలును చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. ఎక్కడైనా పట్టేసినా, చట్రంలో వెల్డింగు అతుకు కనిపించినా వదిలేయడం మేలు. సరేసు, గ్లిజరిన్ కలిపి పోసిన పాత రోలర్లు మన ఎండలకు మెత్తబడిపోతాయి. రబ్బరువి చేయించుకోవాలి.

పాత ట్రెడిళ్లలో చాలావాటికి చేతిని కాపాడే గార్డు ఉండదు. కాగితం వంకరగా పడితే సర్దుదామని చెయ్యి లోపల పెట్టకూడదు. లివరు లాగి అచ్చు పడకుండా ఆపి, ఆ కాగితం మీద ఆశ వదులుకోవాలి. మిషనుతో పాటు వచ్చే టైపు మీద తెల్లటి పొడి ఉంటే అది సీసం తుప్పు. ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు.

సీసం అక్షరాలతోనే తెలుగు కార్డు వేయాలి, అమెరికా కార్డుల్లోలా అక్షరం కాగితంలోకి లోతుగా దిగాలి. ఎలా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

ఈ రెండు కోరికలకూ పొసగదు. పాతకాలం ప్రెస్సుల్లో ప్రూఫు వెనక్కి తిప్పి వేలితో తడిమేవారు. గరుకు తగిలిందా, మిషను తొక్కేవాడికి అక్షింతలే. అక్షరం కాగితాన్ని తాకాలే గానీ దిగకూడదు, దిగితే టైపు అరిగిపోతుంది. అప్పట్లో తప్పుగా లెక్కేసిన ఆ గుంటకే ఇప్పుడు జనం డబ్బిస్తున్నారు. 1990ల్లో అమెరికాలో ‘మార్తా స్టివార్ట్ వెడ్డింగ్స్’ పత్రిక ఈ లోతు అచ్చు శుభలేఖలకు బాగా ప్రచారం తెచ్చింది. దాంతో మందపాటి కాటన్ కాగితానికీ గిరాకీ పెరిగింది.

తెలుగులో ఇంకో చిక్కుంది. వత్తులు విడి ముక్కలు. ఒక్క క-వత్తు విరిగినా మళ్లీ పోసిచ్చే ఫౌండ్రీని వెతుక్కుంటూ తిరగాలి. అందుకే లోతు కావాలంటే పాలిమర్ ప్లేటు. కంప్యూటర్లో కూర్చి, నెగటివ్ తీయించి, ప్లేటు చేయించి, లోహపు బేసు మీద అంటించాలి. రెండూ కలిపి టైపు ఎత్తుకు, అంటే 0.918 అంగుళాలకు రావాలి. మన లిపి అంతా చుట్టలే కాబట్టి చిన్న సైజులో ఇంకు వాటిని పూడ్చేస్తుంది. 12 పాయింట్లకు తగ్గకపోతే మంచిది. సన్నటి తలకట్లున్న ఫాంటు తెర మీద ఎంత ముద్దొచ్చినా ప్లేటులో నిలవదు.

ఒక మూల మసకగా పడితే కొత్తవాళ్లు ఇంకు పెంచుతారు, దాంతో మిగతా మూడు మూలలూ చెడతాయి. మసకైన మేరకు టిష్యూ కాగితం చింపి, ప్యాకింగులో అతికించి, మళ్లీ ప్రూఫు తీయాలి. కొన్నిసార్లు దీనికే పూటంతా పడుతుంది. ఉన్న సీసం టైపును పారేయనక్కర్లేదు. పేర్లు, తారీఖులు తేలిగ్గా తాకిస్తూ వేసుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

50 కార్డుల ఆర్డరుకు ఎంత చెప్పినా ‘ఆఫ్‌సెట్‌లో ఇంతకాదు’ అంటున్నారు.
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

వాళ్లన్నది నిజమే. ఆఫ్‌సెట్‌తో ధరలో పోటీ పడడం దండగ. ఊహకోసం ఒక లెక్క: రెండు రంగుల కార్డుకు రెండు ప్లేట్లు 2,400 రూపాయలు, కాగితం కార్డుకు 12, కవరు 6, పని గంటకు 300. పాడయ్యేవాటి కోసం కాగితం పదిశాతం ఎక్కువ తీసుకోవాలి. 200 కార్డులకు 8 గంటలు పడితే ఖర్చు 8,640, అంటే కార్డుకు 43 రూపాయలు. 50 కార్డులైనా ప్లేట్లు అవే, సర్దుబాట్లూ అవే కాబట్టి 6 గంటలు తప్పవు. ఖర్చు 5,160, కార్డుకు 103! ఇంకా లాభం వేసుకోలేదు. దుకాణంవాళ్లు కొన్న ధరకు రెట్టింపు పెట్టి అమ్ముతారనుకుంటే, ఈ 50 కార్డుల సరుకు వాళ్లకిచ్చి బతకలేం.

కొన్ని స్టూడియోలు ఒకే ఉగాది బొమ్మను ఎక్కువ సంఖ్యలో వేసి ఉంచుకుని, పేరు మాత్రం ఆర్డరును బట్టి వేస్తాయి. చిన్న ఆర్డర్లకు ఇంతకన్నా గిట్టుబాటు దారి లేదు.

బాపు బొమ్మలతో సంక్రాంతి కార్డులు వేయొచ్చా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

హక్కుదారుల అనుమతి లేకుండా కుదరదు. మన చట్టంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. బాపు 2014లో కన్నుమూశారు కాబట్టి 2074 ఆఖరు దాకా ఆగాలి. మీ ఊరి దామెర్ల రామారావు 1925లోనే పోయారు, ఆయన బొమ్మలకు ఆ గడువు తీరిపోయింది. కాకపోతే నీటిరంగుల ఛాయలు ట్రెడిల్‌కు లొంగవు. లెటర్‌ప్రెస్‌కు గీత కావాలి. పెడన కలంకారీ అచ్చుల్లాంటి తీగలూ పూలూ ఎవరిచేతైనా కొత్తగా గీయించుకుంటే అచ్చు ముచ్చటగా పడుతుంది. పెద్ద రంగు మడుగులు మాత్రం పెట్టొద్దు, మచ్చలు మచ్చలుగా వస్తాయి.

కాటన్ కాగితం శుభలేఖలకు పెద్దవాళ్లు పసుపు రాస్తే అంచులు ముడతలు పడుతున్నాయి.
- ఒక పాఠకురాలు, గుంటూరు

కాటన్ కాగితం నీళ్లు పీల్చేస్తుంది. పసుపును జారుగా కాకుండా గట్టి ముద్దగా కలిపి, వేలి కొసతో మూలలకు అద్దితే చాలు. ఆరాకే కవర్లలో పెట్టాలి. ఆర్డరు తీసుకునేటప్పుడే ఈ మాట ఇంట్లో పెద్దావిడకు చెప్పి, వాడేసిన ప్రూఫు కార్డు ఒకటి ఇచ్చి రాసి చూడమనొచ్చు.