మేతబీళ్లలో నేల బయటపడనీయకండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతముల రైతులకు మేతపోరంబోకు అనగానే గుట్టవాలు, ఎర్రగరప నేల, నడుమ రాళ్లు గుర్తుకు వచ్చును. ఇట్టిచోట పైమన్ను మందము బహు తక్కువ. గడ్డికుదురు పోయినచోట వానచినుకు నేరుగా మన్నును కొట్టి, సన్నని మట్టిని లేపి, నేలలోని రంధ్రములను పూడ్చివేయును. పిమ్మట నీరు ఇంకదు, పారును. ఆ పారిన మన్నే దిగువ చెరువును పూడ్చును.

మీ బీడు ఏ స్థితిలో ఉన్నదో మీరే చూచుకొనవచ్చును. ఒక మూలనుండి ఎదుటి మూలకు నూరు అడుగులు వేయండి. ప్రతి అడుగున బొటనవ్రేలి మొనవద్ద పచ్చిగడ్డి, ఎండుగడ్డి, రాలిన ఆకు, ఏది ఉన్నను ఒకటిగా లెక్కించండి. ఉత్త మన్నయినచో విడువండి. లెక్క 70కి తగ్గినచో మందను తగ్గించవలెను. ఎండుగడ్డిని ఏల లెక్కింపవలెనని అడుగుదురేమో. తొలకరి చినుకు దెబ్బను కాచునది అదియే. వేసవిలో గుట్టలకు నిప్పు పెట్టరాదనుట ఇందుచేతనే.

కొంచెము పచ్చ కనబడగానే మందలను తోలుట మరియొక పొరపాటు. అప్పుడు గడ్డి వేరులో దాచుకొన్న బలముతో చిగురించుచుండును. ఆ చిగురు పోయినచో వేరు క్షీణించును. జానెడు ఎదిగినపిమ్మట విడిచి, నాలుగు అంగుళములు మిగిలియుండగనే మంద మరలించండి. గొఱ్ఱె ఆవుకంటె నేలకు దగ్గరగా కొరుకును. దానిమీద కన్ను ఎక్కువ ఉండవలెను.

పుంగనూరు ఆవు దినమునకు సుమారు 5 కిలోల మేతతో సరిపెట్టుకొనునని పేరు. పలమనేరు పశుపరిశోధన కేంద్రములో ఈ జాతిని కాపాడుచున్నారు. ఆవు చిన్నదిగదాయని తలలు పెంచినచో మాత్రము బీడుకు ఒరుగునది లేదు.

ఉమ్మడి బీటిలో ఒక్క రైతు ఆగిన చాలదు. పంచాయతీవారు బీటిని నాలుగు భాగములుచేసి, ఏటా ఒకదానిని తొలకరినుండి గింజ రాలువరకు మూయవలెను. భూమిలేక గొఱ్ఱెలమీదనే బ్రతుకువారిని ముందుగా పిలిచి మాటాడండి. వారు ఒప్పుకొనని కంచె ఒక్క రాత్రి నిలువదు. గింజ రాలిన పిమ్మట కోసిన గడ్డిలో వారికి వాటా ఉండవలెను.

ఉత్త మన్ను తేలిన మచ్చలలో స్టైలో చల్లండి. ఇది పప్పుజాతి మేతమొక్క, బీదనేలలో నిలుచును. ఎకరాకు 4 కిలోల విత్తనము చాలును. తొక్క గట్టిది గనుక గింజలను గుడ్డలో మూటగట్టి 80 డిగ్రీల వేడినీటిలో నాలుగు నిమిషములుంచి, రాత్రంతయు చన్నీట నానబెట్టవలెను. నేలను పైపైన గీరి, అర అంగుళమునకు మించని లోతున పడునట్లు చల్లి, మొదటి ఏడు గింజ రాలువరకు పశువును దరిచేరనీయకండి.