వార్ధక్యము – మతిమరుపు – మాతృభాష

మన యిండ్లలో డెబ్బదియేండ్లు దాటిన పెద్దలు ఒకే మాటను పదేపదే యడిగినచో “ముసలితనము, ఏమి చేయగలము?” అని యూరకుందుము. పొరుగువారి పేరు క్షణకాలము స్ఫురింపక, పిమ్మట జ్ఞాపకమునకు వచ్చుట వయోధర్మమే. కాని యేండ్ల తరబడి కాచిన చారు ఎట్లు కాచవలెనో తెలియక పొయ్యి యెదుట నిలిచిపోవుట, నిత్యము నడచిన సంతబాటలో దారి తప్పుట, కన్నకొడుకును జూచి “ఎవరు బాబూ?” అని యడుగుట వయోధర్మము కాదు, అది వ్యాధి.

వైద్యులు దీనిని డిమెన్షియా యందురు. ఇది యొక్క రోగము పేరు కాదు. మెదడు క్రమముగా దెబ్బతినుటచే కలుగు లక్షణముల సముదాయము. దీనికి ముఖ్యకారణమైన వ్యాధిని జర్మనీ దేశపు వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్ 1906లో వర్ణించెను. ఆ వ్యాధికి ఆయన పేరే నిలిచినది. మెదడులోని రక్తనాళములు చెడుట మరియొక కారణము. ఇది దయ్యము పట్టుట కాదు, పూర్వజన్మ పాపమును కాదు. థైరాయిడు లోపము, బి-12 విటమిను లోపము, మనోవ్యాకులత, కొన్ని మందుల వాడుక వలనను మతిమరుపు కలుగవచ్చును. అట్టివి చికిత్సచే చాలవరకు చక్కబడును గనుక పరీక్షను ఆలస్యము చేయరాదు.

2023లో ప్రకటింపబడిన యొక యఖిలభారత పరిశీలన ప్రకారము మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షలమంది, ఈ వ్యాధికి లోనైయున్నారు. పట్టణములకంటె పల్లెలలోను, పురుషులకంటె స్త్రీలలోను ఇది హెచ్చు. కావున కొల్నారవంటి పల్లెసీమకు ఇది పరుల గాథ కాదు.

మన ప్రాంతమున దీనికి మరియొక చిక్కు గలదు. 1936 ఏప్రిల్ 1న కోరాపుటు సీమ మదరాసు రాజధానినుండి విడివడి నూతన ఒరిస్సా రాష్ట్రమున చేరినది. 1992లో రాయగడ ప్రత్యేక జిల్లా యైనది. ఇచట ఒడియా, తెలుగు, కువి, సవర భాషలు ఇరుగుపొరుగున వినవచ్చును. మతిమరుపు ముదిరినవారు తరువాత నేర్చిన భాషను ముందుగా మరచి, తల్లియొడిలో నేర్చిన పలుకులకే మరలుట తరచుగా కనబడును.

మే మెరిగిన యొక సంగతి చెప్పెదము. మా విద్యార్థిని యొకతె తన మామ్మతో ఒక ఆసుపత్రికి వెళ్లినది. అచట ఒడియాలో “ఇది యే నెల?” అని యడిగిరి. వృద్ధురాలు మారుమాటాడలేదు. “ఏమియు తెలియదు” అని వ్రాసికొనిరి. అంతట మనుమరాలు “మామ్మా, ఇప్పుడు ఏ నెల?” అని తెలుగున నడిగెను. “మాఘమాసం కదే! మొన్ననే గదా రథసప్తమి వెళ్లింది” అని యామె వెంటనే చెప్పెను. కాని ఉదయమున తాను అన్నము తినిన సంగతి మాత్రము ఎంత యడిగినను చెప్పలేకపోయెను. వ్యాధి యుండుట నిజము. అయితే ఆమెలో ఎంత చెడినదో, ఎంత మిగిలినదో ఆ కాగితము తెలుపలేదు. మిగిలినది తెలియనిదే శుశ్రూష యెట్లు సాగును?

భారత వైద్య పరిశోధన మండలి వారి జ్ఞాపకశక్తి పరీక్షల సంపుటి వెలువడినది. అందు హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడము, మలయాళము అను ఐదు దేశభాషలకు చోటు కలిగినది. అనగా తెలుగున పరీక్ష లేక కాదు, దానిని మన సరిహద్దు ఆసుపత్రులకు తెచ్చువారు లేకయే ఈ లోపము. ఆ తొలి సంపుటిలో ఒడియా లేదు, కువి లేదు. కనుక మేము కోరునది తెలుగువారికి మాత్రమే కాదు, మన పొరుగువారికిని.

భాషకును ఈ వ్యాధికిని గల సంబంధమును తెలుగునాటనే పరిశోధించిరి. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి గారును, వారి సహచరులును 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. రెండు లేక అంతకంటె నెక్కువ భాషలు మాటాడువారిలో వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా కనబడినది. చదువు రానివారిలో కూడ అట్లే. ఇది రక్షాకవచము కాదు, వ్యాధి రాదను హామీయును కాదు. అయినను “తెలుగు, ఒడియా రెండును పిల్లలకు బరువు కావా?” అని సందేహించు తల్లిదండ్రులు దీనిని తలపోయవలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఈ వ్యాధిపై కార్యప్రణాళికను ఆమోదించి, సభ్యదేశములన్నియు తమతమ ప్రణాళికలు రచించుకొనవలెనని కోరినది. కేరళ రాష్ట్రము 2014లోనే ప్రత్యేక కార్యక్రమమునకు పూనుకొన్నది. మన ప్రభుత్వములను మేము కోరునవి నాలుగు:

1. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రమున వృద్ధులకు వారి మాతృభాషలోనే జ్ఞాపకశక్తి పరీక్ష జరుగవలెను.

2. ఆశా కార్యకర్తలకు తొలి లక్షణములను గుర్తించు శిక్షణ నీయవలెను.

3. రాత్రింబవళ్లు సేవచేయు కుటుంబమునకు, అందును కోడండ్రకును కూతుండ్రకును, కొంత విరామమును, ఆర్థిక సాహాయ్యమును కల్పింపవలెను.

4. పరిశోధనలందు మనవంటి బహుభాషా జిల్లాలకును చోటీయవలెను.

ఇంటివారు చేయదగినదియు గలదు. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణసంఘము, మార్పదగిన పదునాలుగు కారణములను సరిదిద్దిన యెడల దాదాపు నూటికి 45 పాళ్లు వ్యాధిని నివారింపనో, ఆలస్యము చేయనో వచ్చునని తెలిపినది. రక్తపోటు, మధుమేహము, పొగత్రాగుట, చెవుడు, చూపులోపము, ఒంటరితనము, చదువులేమి వానిలోనివి. కావున తాతగారి చెవి పరీక్షింపించుటయు, సాయంకాలము ఆయనతో కూర్చుండి మాటాడుటయు వైద్యములో భాగములే.

మన రాజ్యాంగములోని 350వ అధికరణము, దేశమునందు గాని రాష్ట్రమునందు గాని వాడుకలోనున్న యే భాషలోనైనను అధికారులకు విన్నపము పెట్టుకొను హక్కును ప్రతివానికి నొసగినది. 350-ఏ అధికరణము పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య నేర్పు ఏర్పాటులను కోరుచున్నది. బాల్యమున మాతృభాష అవసరమని ఒప్పుకొన్న సంఘము, ఆ భాష యొక్కటియే మిగిలిన వార్ధక్యమున దానిని కాదన దగునా? తల్లిదండ్రులారా! పై నాలుగు కోరికలను తెలుగుననే వ్రాసి, చేవ్రాలు చేసి, జిల్లా అధికారులకు పంపుడు. మనకు మాటలు నేర్పినవారు మాటలు మరచుచున్నారు. వారి తరపున మాటాడవలసినది మనమే.