పగిలిన తొట్టిలో పచ్చని మొక్క

గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి, మిరప పొలముల నడుమనున్న గ్రామములలో ఏ పాత లోగిలిని చూచినను, పెరటిలో ఒక మూల కొన్ని వస్తువులు పడియుండును. అంచు విరిగిన రాతిరోలు, అడుగు చిల్లిపడిన గంగాళము, బీటవారిన కుడితి గోలెము, కాలు విరిగిన కుంపటి, ఇవి వెనుకటి కాలపువి. వాని సరసన నేడు మఱికొన్ని చేరినవి: పగిలిన వాష్‌బేసిను, పనికిరాని సింకు, మరుగుదొడ్డి ఫ్లష్ తొట్టి. రోలును పారవేయుటకు ఇంటి పెద్దలకు మనసొప్పదు. బేసినును పారవేయుటకు చోటు దొరకదు. పాతసామానుల వర్తకుడు ఇనుమును, ఇత్తడిని తూచి కొనును గాని పింగాణిని ముట్టడు. అది కాలదు, కుళ్లదు. తుదకు చెరువుగట్టుననో, కాలువ ప్రక్కననో పడి దారినపోవు పశువుల కాళ్లను, పిల్లల పాదములను కోయుచుండును.

అట్టి వస్తువులలో మన్ను నింపి, ఇంటిలోపల మొక్కలను పెంచువారు ఇటీవల పెక్కుమంది కానవచ్చుచున్నారు. ఇది క్రొత్త విద్యయని కొందఱందురు. చిల్లికుండలో బంతినారు పోయుట మన అవ్వలెఱిగిన పనియే. పాత్రలు మాఱినవి, అంతే.

విఱిగిన వస్తువులతో పనిగొనుటలో మన దేశమున నేక్‌చంద్ అను నతడు పేరుగాంచెను. 1924లో, నేడు పాకిస్తానులోనున్న ప్రాంతమున జన్మించి, దేశవిభజనానంతరము ఈవలకు వచ్చిన యాతడు చండీగఢ్‌లో రోడ్డు ఇన్‌స్పెక్టరుగా పనిచేసెను. ఆ క్రొత్త నగరము కొఱకు గ్రామములను కూల్చినపుడు మిగిలిన శిథిలములను, పగిలిన బేసినులను, గాజుల ముక్కలను, విద్యుత్ సామగ్రిని సేకరించి, ఊరి వెలుపల అడవిలో ఎవరికిని తెలియకుండ ఒక తోటను నిర్మించుచు వచ్చెను. అధికారులకు తెలియునప్పటికి సంవత్సరములు గడచినవి. అనుమతి లేని నిర్మాణమని దానిని కూల్చివేయవచ్చును. కాని చూచినవారికి చేతులు రాలేదు. 1976లో ఆ ‘రాక్ గార్డెన్’ ప్రజలకు తెఱవబడెను. నేక్‌చంద్ 2015లో మరణించెను. తోట నేటికిని నిలిచియున్నది.

మనకంత పెద్ద పని అక్కఱలేదు; ఒక్క బేసిను చాలును. దానికొక సుగుణము కలదు. మొక్కల కుండీకి అడుగున రంధ్రముండవలెను, లేనిచో నీరు నిలిచి వేళ్లకు గాలియందక అవి కుళ్లును. బేసినునకు ఆ రంధ్రము పుట్టుకతోనే యున్నది! అంచు దగ్గఱ మఱియొక చిన్న రంధ్రముండును. దానిని కొబ్బరిపీచుతో మూసిన చాలును. సన్నని బీట వలన మొక్కకు హాని లేదు. కాని విఱిగిన పింగాణి అంచు గాజువలె పదునైనది. దానిని తడిపి గరుకు కాగితముతో రుద్దియైనను, సిమెంటు మెత్తియైనను మొద్దుచేయవలెను. ఈ పని పిల్లలు చేయరాదు.

బరువు సంగతి చాలమంది మఱతురు. పదునైదు లీటర్ల మన్ను పట్టు బేసినులో తడిమన్నే ఇరువది కిలోలకు మించవచ్చును. అందువలన దానిని గోడకున్న పాత కొక్కెములకే మరల తగిలింపరాదు. నేలపై ఇటుకల మీద నిలుపవలెను. మరుగుదొడ్డి తొట్టియైనచో బ్లీచింగు పొడి కలిపిన నీటితో కడిగి, మంచినీటితో పలుమార్లు తొలచి, ఎండలో ఉంచవలెను. బ్లీచింగు పొడిని యాసిడ్‌తో కలిపినచో క్లోరిన్ అను విషవాయువు వెలువడును గనుక ఆ రెంటిని ఒక్కటి చేయరాదు. అట్టి తొట్టిలో కొత్తిమీర వంటి తినెడి మొక్కలను పెంపకుండుటయే మేలు. రాతిరోలునకు అడుగున రంధ్రముండదు. తొలువబోయినచో చీలవచ్చును, దానిలో చిన్న మట్టికుండీ నొకదానిని కూర్చుండబెట్టిన సరిపోవును.

అయితే పెరటిలో పడియున్న ప్రతి వస్తువును కుండీకి తగదు. ప్రత్తి, మిరప పండించు ఇండ్లలో పురుగుమందుల డబ్బాలు తఱచుగా మిగిలియుండును. గట్టివి, తేలికయైనవి, మూతయున్నవి. చూచినవారికి వదలబుద్ధి కాదు. పై భాగమును కోసి పుదీనా నాటినవారిని, చెంబుగా మార్చి నీటితొట్టిపై నుంచినవారిని నేను చూచితిని. అది ప్రాణాంతకమైన పొదుపు. మందు డబ్బా గోడలోనికి ఇంకును. ఎన్ని మార్లు కడిగినను పూర్తిగా పోదు. డబ్బాపైనున్న వజ్రాకారపు గుర్తులో ఎఱుపు రంగు అత్యంత విషమునకు, ఆ తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ క్రమముగా తగ్గు విషమునకు చిహ్నములు. ఆకుపచ్చ గుర్తు గలదైనను మొక్కల కుండీకి పనికిరాదు. 1971 నాటి కీటకనాశినుల నియమముల ప్రకారము ఖాళీ డబ్బాలను మరల వాడకుండ పగులగొట్టి, నివాసములకు దూరముగా పూడ్చవలెను. పూలమొక్కయే కదా, తినుదుమా యని వాదించువారు కలరు. దానికి నీరు పోయునది ఇంటి ఇల్లాలు; దాని ప్రక్కన ప్రాకునది పసిబిడ్డ.

ఇక మన్ను. పొలములో బంగారము పండించు మన నల్లరేగడి కుండీలో మాత్రము మొండికేయును. తడిసినపుడు ఉబ్బును, ఎండినపుడు కుంచించుకొని బీటలు వాఱును. అపుడది తొట్టి అంచును విడిచి దూరముగా జరుగగా, పోసిన నీరంతయు ఆ సందులోనుండి జాఱి అడుగునకు పోవును. వేరు మాత్రము దాహముతో నుండును. కావున ఎఱ్ఱమన్ను, ఏటి ఇసుక, బాగుగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలుపుట మంచిది. బాపట్ల, చీరాల వైపువారు సముద్రపుటిసుకను తెచ్చుకొందురేమో, దానిలో ఉప్పుండును. అడుగున గులకఱాళ్లను మందముగా పఱచిన నీరు చక్కగా దిగునని పలువురి నమ్మకము. నిజమున కట్లుకాదు. మన్ను పూర్తిగా తడిసి బరువెక్కిన గాని నీరు ఱాళ్లలోనికి దిగదు. దానివలన తడి పొర పైకి జరిగి వేళ్లకు మఱింత దగ్గఱగును. రంధ్రముపై ఒక్క పెంకుముక్కను బోర్లించిన చాలును. మార్కాపురము ప్రాంతమువారికి విరిగిన పలకముక్కకు కొదువలేదు.

ఇంటిలోపలి నీడకు మనీప్లాంటు, కలబంద, సన్సెవీరియా తగినవి. కలబందకు కిటికీ దగ్గఱ వెలుతురు కావలెను. తులసిని ఇంట బంధింపరాదు, దానికి ఎండ ప్రాణము. మనీప్లాంటు ఆకును నమలినచో నోరు మండి వాచును. దానిని పసివాండ్రకు అందనిచోట నుంచవలెను. కుండీమొక్కలు ఇంటిగాలిని శుద్ధిచేయునని 1989 నాటి నాసా ప్రయోగమును చూపుదురు. ఆ ప్రయోగము మూసియుంచిన చిన్న గదులలో జరిగినది. గాలి వచ్చిపోవు ఇండ్లలో కొద్ది కుండీలవలన కలుగు మేలు లెక్కింపదగినంత కాదని 2019లో ప్రచురితమైన సమీక్ష తేల్చినది. కంటికి చల్లదనము మాత్రము ఎవరును కాదనలేరు. రెంటచింతల వేసవి నెఱిగినవారు దాని విలువను వేరుగా చెప్పించుకొనరు.

నీరు పోయుటకు వేలే కొలత. రెండంగుళముల లోతున మన్ను పొడిగా తగిలినపుడు పోసిన చాలును. బేసిను క్రింద పళ్లెమునుంచినచో దానిలో నిలిచిన నీటిని వారమునకొకమారు తప్పక పారబోయవలెను. డెంగ్యూ వ్యాపింపజేయు దోమ ఇట్టి కొలది నీటిలోనే గ్రుడ్లు పెట్టును. వారము పది దినములలో అవి దోమలై లేచును. పళ్లెము ఎండినను గ్రుడ్లు దాని అంచునకు అంటుకొని నెలల తరబడి బ్రదుకగలవు. కావున ఒంపుట మాత్రముతో ఊరకుండక, పీచుతో అంచు లరుగునట్లు తోమి బోర్లించవలెను.