ఆరోగ్య రికార్డులు, క్లౌడ్ విధానము: పంచాయతీ సభ్యుల కర్తవ్యము

తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టినింటికి తీసికొని వచ్చుట మన గ్రామములందలి ఆచారము. ఏడవ నెలలోనో, తొమ్మిదవ నెలలోనో ఆమె అత్తవారి ఊరు విడిచి తల్లి యింటికి చేరును. అప్పటివరకు అచటి ఏ.ఎన్.ఎం. పరీక్షించి వ్రాసిన రక్తపోటు, రక్తహీనత, రక్తపు గ్రూపు వివరములు అక్కడి రిజిస్టరులోనే మిగిలిపోవును. తల్లీబిడ్డల కార్డు వెంట తెచ్చుకొన్నచో మేలే. దానిని మరచి వచ్చినచో, అర్ధరాత్రివేళ నొప్పులు వచ్చి ఆసుపత్రికి చేరినపుడు డాక్టరు అన్నియు మొదటినుండి విచారింపవలసి వచ్చును. ప్రతి నిమిషమును విలువైన ఆ సమయమున ఈ జాప్యము తల్లికిని, బిడ్డకును ముప్పు తేగలదు. రోగి ఒకచోట, రికార్డు మరొకచోట ఉండుటయే ఇందలి చిక్కు. ఈ చిక్కును తీర్చు సాధనములలో క్లౌడ్ విధానము ఒకటి.

క్లౌడ్ అనగా నేమి?

క్లౌడ్ అను ఆంగ్లపదమునకు మేఘము అని అర్థము. పేరు మేఘమే గాని రికార్డు ఆకాశమున ఉండదు. నిరంతర విద్యుత్తు, చల్లదనము, కాపలా గల గట్టి కట్టడములోని పెద్ద కంప్యూటర్లలో ఉండును. ఆ కట్టడమును డేటా సెంటరు అందురు. ఒకప్పుడు రైతు బావి వద్ద ఆయిలింజను పెట్టుకొనెడివాడు. ఇంజను వెల, నూనె, మరమ్మతు అన్నియు అతని భారమే. కరెంటు లైను వచ్చిన పిమ్మట ఎక్కడనో తయారైన విద్యుత్తు తీగ వెంబడి వచ్చి మోటారును నడుపుచున్నది. క్లౌడ్ విధానమును ఇట్టిదే. ప్రతి ఆసుపత్రియు పెద్ద కంప్యూటర్లను కొని, వానిని కాపాడుటకు నిపుణులను నియమించుకొనుటకు బదులు, దూరముననున్న కంప్యూటర్ల శక్తిని ఇంటర్నెట్టు ద్వారా కావలసినంత మేరకు వాడుకొనును. ఆరోగ్య కేంద్రములోని కంప్యూటరు వానకు తడిసినను, పిడుగుపాటుకు కాలినను, డేటా సెంటరునకు చేరిన రికార్డు చెక్కుచెదరదు.

మన దేశమున జరిగిన కృషి

జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రము తన తొలి జాతీయ డేటా సెంటరును 2008లో హైదరాబాదుననే నెలకొల్పినది. ప్రభుత్వ శాఖల కొరకు "మేఘరాజ్" అను క్లౌడ్ వ్యవస్థ రూపొందినది. క్లౌడ్ ఆధారముగా నడచు ఈ-సంజీవని సేవ 2019 నవంబరులో ప్రారంభమైనది. దానిని మొదట అమలుపరచిన రాష్ట్రము ఆంధ్రప్రదేశ్. గ్రామములోని ఆరోగ్య కేంద్రమునుండి దూరపు ఆసుపత్రి డాక్టరుతో ముఖాముఖి మాట్లాడుటకు ఇది వీలు కల్పించుచున్నది. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశవ్యాప్తముగా ఆరంభమైనది. దీని క్రింద కోరినవారికి 14 అంకెల "ఆభా" సంఖ్య లభించును.

ఇచట ఒక అపోహను తొలగించుకొనవలెను. ఆభా సంఖ్య పొందినంతమాత్రమున మన రోగచరిత్ర అంతయు ఒకే కొట్టులో చేరదు. రికార్డు తయారైన ఆసుపత్రి వద్దనే ఉండును. రోగి అనుమతించినపుడు మాత్రమే మరొక డాక్టరునకు అందును. ఈ సంఖ్యను పొందుట స్వచ్ఛందము. ఇది లేదను కారణమున ఎవరికిని వైద్యము నిరాకరింపరాదు.

ఒక హెచ్చరిక

2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కంప్యూటర్లపై దాడి జరిగినది. దుండగులు 5 సర్వర్లలోని సమాచారమును తెరువ వీలులేకుండ చేసిరి. సుమారు రెండు వారములు అచటి పనులు చేతివ్రాతతో జరిగినవి. నెట్‌వర్కును తగినరీతిని విభాగములుగా వేరుచేయకపోవుట ఇందుకు కారణమని ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది. దాడికి లోనుగాని మరొక సర్వరులోని నకలు వలన సమాచారము తిరిగి లభించినది.

ఇందు మూడు పాఠములు గలవు. కంప్యూటరు మన ఆవరణలోనే ఉన్నంతమాత్రమున భద్రము గాదు. వేరొకచోట భద్రపరచిన నకలే ఆపదలో ఆదుకొనును. యంత్రము ఆగినను వైద్యము ఆగకుండుటకు కాగితము, కలము సిద్ధముగా ఉండవలెను. క్లౌడ్ విధానములోనైనను పాస్‌వర్డు పరుల చేతిలో పడినచో ఎంతటి కావలియు నిష్ఫలమగును.

పంచాయతీ చేయవలసినది

డేటా సెంటరును నడుపుట పంచాయతీ పని గాదు. గ్రామమునుండి దానిని చేరు త్రోవను బాగుగా ఉంచుటలో మాత్రము పంచాయతీకి పాత్ర గలదు. తీగ తెగిన మోటారు ఆగునట్లు, ఇంటర్నెట్టు లేనిచో క్లౌడ్ ఉండియు లేనట్లే. కనుక సభ్యులు ఈ క్రింది విషయములను విచారింపవలెను.

ఒకటి: ఆరోగ్య కేంద్రమునకు కరెంటు, ఇంటర్నెట్టు సక్రమముగా అందుచున్నవా? కరెంటు పోయినపుడు ఇన్వర్టరు గాని, సౌర ఫలకము గాని కలదా? పంచాయతీ కార్యాలయమునకు భారత్‌నెట్ లైను వచ్చియున్నచో, ఆరోగ్య కేంద్రమునకును కనెక్షను ఇప్పించుటకు అధికారులను కోరవలెను.

రెండు: పేరు, వయస్సు, ఫోను నంబరు సరిగా నమోదగుచున్నవా? రిజిస్టరులోని తప్పు ఆ పుటకే పరిమితము. క్లౌడ్‌లోని తప్పు రోగి పోయిన ప్రతిచోటికి ఆమె వెంటనే పోవును. వ్రాసినదానిని రోగికి చదివి వినిపించుట మంచి పద్ధతి.

మూడు: ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. అనుమతితో సమానము. అది దేనికొరకో తెలియక ఇతరులకు చెప్పరాదని గ్రామసభలో వివరింపవలెను. పాస్‌వర్డును గోడమీద వ్రాయుట, రోగుల జాబితాను ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులలో పెట్టుట మాన్పింపవలెను.

నాలుగు: ఇది సభ్యులు తమకు తామే విధించుకొనవలసిన నియమము. సర్పంచి యైనను, వార్డు సభ్యుడైనను మరొకరి రోగచరిత్రను చూపుమని ఏ.ఎన్.ఎం.ను గాని, ఆశ కార్యకర్తను గాని అడుగరాదు. ఒక యింటి క్షయరోగము, ఒక యువతి గర్భము ఊరిలో చర్చకు వచ్చినచో, ఆ కుటుంబము మరల ఆరోగ్య కేంద్రము గడప త్రొక్కదు. వైయక్తిక సమాచార రక్షణకై పార్లమెంటు 2023లో చట్టమునే చేసినది. గ్రామములో ఆ రక్షణ మొదట మన నాలుకతో ప్రారంభము కావలెను.

వచ్చే గ్రామసభ చర్చనీయాంశములలో ఆరోగ్య కేంద్రపు ఇంటర్నెట్టును కూడ చేర్చుడు. పురిటికై మన ఊరు చేరిన ఆడపడుచు వెంట ఆమె ఆరోగ్య రికార్డును వచ్చినదా యని ఆరోగ్య కార్యకర్తను అడుగుడు. రికార్డులో ఏమున్నదని అడుగుట మనకు తగదు. అది వచ్చినదా యని అడుగుట మన విధి.