తుపాను చలి – మందకును, మనిషికిని రక్షణ



చలివలన ప్రాణభయము మంచు కురియు దేశములవారికే గాని, రోహిణి కార్తెలో రాళ్లు పగులు మన సీమలో అట్టి భయమేమియు లేదని మనలో పెక్కురు తలంతురు. భద్రాచలము, కొత్తగూడెము ప్రాంతముల వేసవి యెట్టిదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఎండకు మనము పందిళ్లు వేయుదుము, చలివేంద్రములు పెట్టుదుము. చలికి మాత్రము గొంగడి కప్పుకొని యూరకుందుము. ఈ యలక్ష్యమువలన కలుగు నష్టమును, దానిని తప్పించుకొను మార్గమును ఈ నెల పాఠమున తెలిసికొందము.

1. 2018వ సంవత్సరపు అనుభవము

2018 డిసెంబరు 17వ తేదీ మధ్యాహ్నము పెథాయ్ అను తుపాను తూర్పుగోదావరి జిల్లాలోని కాట్రేనికోన సమీపమున తీరము దాటెను. గాలి బలమును బట్టి చూచిన నది గొప్ప తుపాను గాదు. తీరము చేరునప్పటికే బలహీనపడెను. అయినను పగలెల్ల సూర్యుడు కానరాక, వానయు ఉత్తరపు గాలియు కూడుటచే కోస్తా జిల్లాలలో పగటి వేడి మామూలుకంటె మిక్కిలి తగ్గిపోయెను. చలికి తాళలేక పెక్కు గొర్రెలు, మేకలు చచ్చినట్లును, వృద్ధులు కొందరు మరణించినట్లును ఆనాటి పత్రికలు ప్రకటించెను.

చండ్రుగొండ సముద్రమునకు దూరమైనను తుపాను మేఘములకు దూరము గాదు. ఆ దినములలో నేను గ్రామములు తిరుగుచు, కల్లములలోని ధాన్యమును కప్పుడనియు, తీసిన ప్రత్తిని ఇల్లు చేర్చుడనియు, మిరప చేలలో నీరు నిలువకుండ కాలువలు తీయుడనియు చెప్పితిని. మందను గూర్చి యొక్కరికిని ఒక్క మాట చెప్పలేదు. వాన వెలిసిన మరునాడు ఒక గొర్రెల కాపరి దొడ్డికి పోగా, లేత పిల్లలు పెక్కు బిగుసుకొని పడియుండెను. అతడు నన్ను జూచి, “సారూ! వాన పడినంత సేపు మేలుకొనే ఉన్నాను. వాన తగ్గింది గదా, ఇంక భయం లేదని కన్ను మూశాను. తెల్లారి చూస్తే పిల్లలు లేవలేదు” అనెను.

అతడు సోమరి గాడు. రాత్రి సగము వానలో నిలిచినవాడు. అతనికి తెలియనిది ఒక్కటే: వాన నిలిచిన తరువాతనే అసలు ప్రమాదము మొదలగును. అది అతనికి చెప్పవలసినవాడను నేను, చెప్పనైతిని. ఈ పాఠము వ్రాయుటకు అదియే కారణము.

2. తడిసిన జీవము ఏల చచ్చును?

వేసవిలో మట్టికుండలోని నీరు చల్లబడుట మీరు నిత్యము చూచునదే. కుండ పైభాగమున చెమర్చిన నీరు గాలికి ఆవిరియై పోవుచు, లోపలి నీటి వేడిని తీసికొని పోవును. గాలి తగులుచోట పెట్టిన కుండ మరింత చల్లబడును. తడిసిన గొర్రెపిల్లయు అట్టి కుండయే. దాని వెండ్రుకలలోని నీరు ఆరుటకు కావలసిన వేడి దాని దేహమునుండియే రావలయును. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు పట్టు వేడితో ఐదు లీటర్లకు పైగా మంచువలె చల్లనైన నీటిని మరుగబెట్టవచ్చును. ఇంతటి వేడి, కడుపు నిండని లేతపిల్లకు ఎక్కడనుండి వచ్చును?

వాన నిలువగానే మేఘములు విరియును. దుప్పటివలె నేలను కప్పియున్న మబ్బు తొలగుటచే నేలవేడి ఆకాశమునకు పోవును. తుపాను వెనుకనే ఉత్తరమునుండి పొడిగాలి వీచును. పొడిగాలికి తడి త్వరగా ఆరును. ఆరుకొలది దేహము చల్లబడును. తడి, గాలి, ఆకలి – ఈ మూడును కూడినచో, గడ్డకట్టు చలి లేకున్నను ప్రాణము పోవును.

మరియొక విషయము. నెల్లూరు జాతి గొర్రెకు దట్టమైన ఉన్ని లేదు. పొట్టి వెండ్రుకలే గలవు. ఎండకు అది మేలు, చలివానకు కీడు. 2017 జూనులో తెలంగాణ ప్రభుత్వ మారంభించిన పథకమున గొర్రెల పెంపకపు సహకార సంఘముల సభ్యులకు 20 ఆడగొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున రాయితీపై ఇచ్చిరి. ఇట్లు వచ్చినదైనను, సొంత సొమ్ముతో కొన్నదైనను, మంద కాపరికి బ్యాంకులోని సొమ్ము వంటిది. ఒక్క రాత్రి యజాగ్రత్తకు ఆ సొమ్ము పోరాదు.

3. మనకు ఎంత చలి ప్రమాదకరము?

భారత వాతావరణ శాఖవారు మైదాన ప్రాంతములలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు గాని, అంతకు దిగువకు గాని వచ్చి, అది మామూలుకంటె నాలుగున్నర డిగ్రీలైనను తక్కువగా నున్నప్పుడు శీతగాలి యని ప్రకటింతురు. సముద్రతీర స్థలములకు మాత్రము ఈ హద్దును 15 డిగ్రీలుగా ఉంచిరి. వేడికి అలవాటుపడినవారికి 15 డిగ్రీలును బాధాకరమని శాస్త్రజ్ఞులే యంగీకరించిరన్నమాట. అయితే ఈ లెక్క పొడి దేహమునకు. తడిసినవానికి ఇంతకంటె ఎక్కువ ఉష్ణోగ్రత యందును ప్రమాదము గలదు. కావున ఉష్ణమాపకమును నమ్ముకొని యుండక, తడియు గాలియు కలిసినదా యని చూడవలయును.

4. మంద విషయమున చేయవలసినవి

(అ) దొడ్డి మెరకను ఉండవలయును. ఉత్తర, ఈశాన్య దిక్కులందు తాటాకుతోగాని, వెదురు తడకపై గోనెలు కుట్టిగాని దడి కట్టవలయును. దడి గొర్రె యెత్తుకు రెండింతలున్న చాలును.

(ఆ) నలుప్రక్కల బిగించి మూయరాదు. మూత్రపు ఘాటు నిలిచి ఊపిరితిత్తుల జబ్బు వచ్చును. గాలి జీవముపై నేరుగా కొట్టకుండుటే ముఖ్యము. పైభాగమున గాలి ఆడుచుండవలయును.

(ఇ) క్రింద జానెడు ఎత్తున ఎండు వరిగడ్డి పరచి, తడిసినదానిని తీసివేయుచుండవలయును.

(ఈ) సాయంకాలము కడుపునిండ ఎండుమేత వేయవలయును. మేత కడుపులో పులియునపుడు వేడి పుట్టి రాత్రియెల్ల జీవమును కాపాడును. ఉదయము పొద్దెక్కి మంచు విడిచినగాని మందను మేతకు తోలరాదు.

(ఉ) ఈనిన గంటలోపల పిల్లకు ముర్రుపాలు త్రాగించవలయును. తడిసిన పిల్లలను వాన నిలిచిన వెంటనే పొడి గోనెతో తుడువవలయును. పిల్ల నోటిలో వ్రేలు పెట్టి చూడుడు. నోరు చల్లగానున్న ప్రమాదమని తెలిసికొనుడు. తల నిలుపలేని పిల్ల నోట పాలు పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవును. ముందు తుడిచి, వెచ్చజేసి, పశువైద్యునకు తెలుపవలయును.

(ఊ) భీమా చేసిన జీవము చచ్చినచో చెవిబిళ్ల తీయక, పశువైద్యుడు చూడకమునుపు పూడ్చక, ముందు భీమావారికి కబురు పెట్టవలయును.

5. మనుష్యుల విషయము

చేలనుండి తడిసి వచ్చిన కూలివారు, వృద్ధులు, పసిబిడ్డలు – వీరిపై దృష్టి యుంచవలయును. మనుష్యుని దేహపు వేడి 37 డిగ్రీలు. అది 35 డిగ్రీలకు దిగువకు పోయిన ప్రాణాపాయము. వణకుట మేలే, దేహము వేడి పుట్టించుకొనుచున్నదని అర్థము. చలిలోనే యుండి, వణకు నిలిచి, మాట తడబడి, మగత వచ్చినచో ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలయును. వాహనము వచ్చులోపల తడిబట్టలు విప్పి, పొడిబట్టలు, కంబళి కప్పవలయును. తెలివితో నుండి మ్రింగగలవారికి వెచ్చని తీపి టీ యీయవచ్చును. కాలుసేతులు గట్టిగా రుద్దరాదు.

సారాయి వెచ్చదన మిచ్చునను మాట తప్పు. అది చర్మమునకు రక్తమును తెచ్చి వెచ్చగా తోపించును గాని, లోపలి వేడిని బయటికి పంపివేయును.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక కుంపటిని గూర్చినది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట మృత్యువును పిలుచుటయే. బొగ్గు సరిగా మండనపుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు; తలనొప్పి, మత్తు వచ్చి నిద్రలోనే ప్రాణము పోవును.

ఇది చదువుకొనని పల్లెవారు మాత్రమే చేయు పొరపాటు గాదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున మన తెలుగువారు వేలాదిగా నివసించుచున్నారు. అదియు వేడి సీమయే, సముద్రతీరము గలదియే. 2021 ఫిబ్రవరిలో అక్కడ మంచుతుపాను వచ్చి, లక్షలకొలది ఇండ్లకు విద్యుత్తు నిలిచిపోయెను. ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖవారు లెక్కించిన మరణములు 246. వారిలో మూడింట రెండువంతులకు దగ్గరగా చలికే చనిపోయిరి. విద్యుత్తు లేక యింటిలోపల బొగ్గుల పొయ్యిలు, మోటారు యంత్రములు నడుపుకొని విషవాయువుచే చనిపోయినవారును గలరు. ధనమును, విద్యయు గలచోటనే అట్లు జరిగెను. చలి వారికిని అలవాటు లేనిదే. ముందుగా సిద్ధపడకుండుటయే ఉభయులకును కీడు. కావున కుంపటిని, నెగడును ఆరుబయటనే ఉంచుడు. దేహము వెచ్చబడిన తరువాత లోనికి పొండు.

6. యాసంగి నారుమడి

రాత్రి చలి 12, 13 డిగ్రీలకు దిగిన వరినారు ఎదుగక పసుపువన్నె కెక్కును. సాయంకాలము మడిలోని నీటిని తీసివేసి, ఉదయము క్రొత్తనీరు పెట్టవలయును. కర్రలు వంచి, రాత్రివేళ వానిపై పాలిథీను పట్టా కప్పి, ప్రొద్దుట తీసివేసిన మరింత మేలు.

7. సంఘము చేయవలసినది

టార్పాలినులు ఒక్కొక్కరు కొనలేకున్నను సంఘము పది కొని ఉమ్మడిగా ఉంచవచ్చును. డిసెంబరు, జనవరి నెలలలో ఈనబోవు గొర్రెల పట్టిక వ్రాసికొనవలయును. వాతావరణ శాఖవారి పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు ఫోనునకు వచ్చినపుడు, ఒంటరి వృద్ధుల యిండ్లకును, అడవియంచున మందలున్నచోటికిని కబురు చేర్చుటకు ఒకరిని నియమింపవలయును.

2023 డిసెంబరు 5వ తేదీన మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపమున తీరము దాటి, మన జిల్లాలో భారీ వర్షములు కురిపించెను. అప్పటికి ఆ కాపరి తన దొడ్డికి ఉత్తరమున తాటాకు దడి కట్టియుండెను. వాన వెలిసిన పిదప నిద్రపోక, పిల్లలను ఒక్కొక్కదానిని గోనెతో తుడిచెను. తెల్లవారి నేను పోవునప్పటికి పిల్లలు తల్లులక్రింద పాలు కుడుచుచుండెను. ఆ దడికి ఖర్చైనది ఒక దినపు కాయకష్టము మాత్రమే.

సంఘ సమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు

1. వాన నిలిచిన తరువాత ప్రమాదము హెచ్చుటకు కారణమేమి?
2. మన గ్రామమున ఉత్తరపు గాలి నేరుగా తగులు దొడ్లు ఎన్ని?
3. కుంపటిని మూసిన గదిలో నుంచినచో ఏమగును? ఈ మాట మన యిండ్లలోని స్త్రీలకును, వృద్ధులకును ఎవరు చెప్పెదరు?
4. సంఘపు టార్పాలినులు ఎవరి యింట నుండవలయును? రాత్రివేళ అవి అందునా?